రెసిడెంట్ ఈవిల్ 2ను పద్ధతిగా పూర్తి చేయడం ఎలా: మళ్లీ మొదలుపెట్టే వారికి సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం మిత్రులూ, సరిహద్దుకు ఆంధ్ర వైపున పాతపట్నం, ఇచ్ఛాపురంలో ఉన్నవారూ రెసిడెంట్ ఈవిల్ 2 అనే ఈ జాంబీల (నడిచే శవాల) భయానక వీడియో గేమ్ గురించి పదే పదే ఒకే మాట అడుగుతుంటారు. పోలీస్ స్టేషన్‌లోకి అడుగుపెట్టే దాకా అంతా బాగానే సాగుతుంది. ఆ తర్వాత తూటాలు అయిపోతాయి, సంచి నిండిపోతుంది, టోపీ పెట్టుకున్న ఆ పొడుగు మనిషి వెంటపడతాడు. అక్కడ విసుగొచ్చి వదిలేస్తున్నామని, దీన్ని సరిగ్గా ఆడే పద్ధతి ఏమిటో వివరంగా రాయమని వారి కోరిక. ఆ కోరిక మీదనే ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా 2019 జనవరి 25న జపాన్ సంస్థ క్యాప్‌కామ్ విడుదల చేసిన కొత్త రూపానికి వర్తిస్తుంది. 1998లో ప్లేస్టేషన్‌కు వచ్చిన మొదటి రూపాన్ని ఇష్టపడి ఆడినవారు ఒక విషయం గమనించాలి. కథ, మనుషులు, భవనం పేరు అవే అయినా గదుల అమరిక మారింది, తాళాల అంకెలు మారాయి, కెమెరా గోడ మూల నుంచి పాత్ర భుజం వెనక్కి వచ్చింది. పాత జ్ఞాపకంతో దారి వెతికితే దారి తప్పుతారు.

ఈ ఆటను ఎన్నోసార్లు ఆడిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. ఇందులో గెలుపోటములను తుపాకీ తేల్చదు. గది దాటి బయటకు వెళ్లే ముందు సామాను పెట్టె దగ్గర నిలబడి ఏది తీసుకుని ఏది వదిలామన్నదే తేలుస్తుంది. కింది అంచెలన్నీ ఆ దృష్టితోనే అమర్చాను.

1. ఆడే ముందు సిద్ధం చేసుకోవలసినవి

కంప్యూటర్‌లో ఆడేవారికి కనీసంగా ఇంటెల్ ఐ5-4460 స్థాయి ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 2 జీబీ వీడియో మెమరీ గల జీటీఎక్స్ 760 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, సుమారు 26 జీబీ ఖాళీ స్థలం కావాలి. ఇవి మొదటి విడుదలనాటి లెక్కలు. 2022 జూన్‌లో వచ్చిన నవీకరణ వెలుగునీడలను సహజంగా చూపే రే ట్రేసింగ్‌ను జోడించి ఆటను బరువెక్కించింది. ఆ తర్వాత మీ పాత కంప్యూటర్‌లో ఆట నత్తనడక నడుస్తుంటే, ఆటలు కొని దింపుకునే స్టీమ్‌లో ఆట పేరు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని బీటాస్ భాగంలో డీఎక్స్11 నాన్-ఆర్‌టీ అనే శాఖను ఎంచుకోండి. పాత, తేలికైన రూపం దిగుతుంది. మన వైపు ఇంకా చాలా ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు ఇదే సరిపడే మార్గం.

రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ఫోన్ ప్యాక్‌తో ఇంత పెద్ద ఆటను దింపుకోవడం కుదిరే పని కాదు. స్టీమ్‌లో 2023 నుంచి ఒకే వైఫైలో ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఆట ఫైళ్లను నేరుగా పంపుకునే సౌకర్యం ఉంది. ఆటను ఇప్పటికే దింపుకున్న మిత్రుని ఇంటికి మీ ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లండి. ఆటను మాత్రం మీ ఖాతాలో మీరే కొనుక్కుని ఉండాలి. అక్కడ మిగిలేది డేటా ఖర్చే.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి. గజపతి జిల్లాలో చైత్ర వైశాఖాల సాయంత్రాల్లో ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోతుంది. అక్టోబరు తుపానుల సంగతి 2018లో తిత్లీని చూసినవారెవరికీ చెప్పనక్కర్లేదు. యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ మీద ఈ ఆటను ఆడకండి. పది నిమిషాలు నిలిపే యూపీఎస్ అయినా ఆటలోని టైప్‌రైటర్ దాకా పరిగెత్తి ఆటను భద్రపరచడానికి చాలు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారా? ఈ ఆటలో ప్రమాదం కంటికి కనబడే ముందే చెవికి వినబడుతుంది.
- వెలుతురు అమరికను గది దీపం ఆర్పిన తర్వాతే సరిచేశారా? పగటి వెలుగులో పెంచేస్తే రాత్రి తెర తెల్లబారి, చీకటి మూలలకు అర్థం ఉండదు.
- ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఆన్ చేశారా? ఆటలో దొరికే కాగితాల్లోనే తాళాల ఆచూకీ ఉంటుంది.
- పక్కన ఒక నోట్‌బుక్, పెన్ను పెట్టుకున్నారా?
- చిన్నపిల్లలు నిద్రపోయారా? ఇది పద్దెనిమిదేళ్లు నిండినవారి ఆట. రక్తం, తెగిన అవయవాలు దాపరికం లేకుండా చూపిస్తారు.

2. కష్ట స్థాయి, పాత్ర

అసిస్టెడ్, స్టాండర్డ్, హార్డ్‌కోర్ అని మూడు స్థాయిలు ఉన్నాయి. తొలిసారి ఆడేవారు, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పట్టుకున్నవారు స్టాండర్డ్ తీసుకోవాలి. అందులో టైప్‌రైటర్ దగ్గర ఎన్నిసార్లయినా ఆటను భద్రపరచవచ్చు, మధ్యమధ్య ఆట తనంతట తానే భద్రపరచుకుంటుంది కూడా. హార్డ్‌కోర్‌లో ఆ సౌకర్యం లేదు. టైప్‌రైటర్ వాడాలంటే ఇంక్ రిబ్బన్ కావాలి, అవి లెక్క ప్రకారమే దొరుకుతాయి. కరెంటు నిలకడ లేని ఊళ్లో హార్డ్‌కోర్ ఎంచుకోవడమంటే గంట శ్రమను గాలికి వదలడానికి సిద్ధపడడమే.

తుపాకీ గురి పెట్టడం చేతకాక ఇబ్బంది పడేవారు అసిస్టెడ్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. అందులో గురి పెట్టడానికి ఆటే కొంత సాయపడుతుంది, గాయం కొంతవరకు దానంతట అదే మానుతుంది. భవనం మొత్తం తెలిశాక మళ్లీ స్టాండర్డ్‌లో ఆడవచ్చు.

కొత్త పోలీసు లియాన్, కాలేజీ విద్యార్థిని క్లేర్ అని రెండు పాత్రలు ఉన్నాయి. నా సలహా లియాన్‌తో మొదలుపెట్టమని. అతని షాట్‌గన్ ఇరుకు నడవాల్లో కొత్తవారికి ధైర్యమిస్తుంది. క్లేర్ గ్రెనేడ్ లాంచర్ అంతకంటే బలమైనదే గాని, ఏ రకం గుండును ఎవరి మీద వాడాలో తెలిసినవారికే అది పూర్తిగా పలుకుతుంది.

3. చేతులకు రావలసిన మూడు అలవాట్లు

మొదటిది, కాల్చే ముందు ఆగడం. తుపాకీ ఎత్తగానే తెర మధ్యలో నాలుగు గీతలు ఎడంగా ఉంటాయి. కాళ్లు కదపకుండా నిలబడితే అవి మెల్లగా దగ్గరకు జరిగి బిగుసుకుంటాయి. బిగుసుకున్నాక వదిలిన తూటా సూటిగా వెళ్తుంది, ఎక్కువ దెబ్బ వేస్తుంది. వెనక్కి నడుస్తూ మూడు తూటాలు వదిలే కంటే, జాంబీ రెండడుగులు దగ్గరకు వచ్చేదాకా కదలకుండా నిలబడి ఒక్క తూటా వదలడం మేలు. గుండె దడదడలాడే వేళ ఆగి నిలబడడం కష్టమే. దాన్ని ఆట మొదట్లో వచ్చే గ్యాస్ స్టేషన్ (పెట్రోలు బంకు) తర్వాతి వీధుల్లోనే సాధన చేయండి.

రెండవది, ఎక్కడ కాల్చాలో నిర్ణయించుకోవడం. దారిలోంచి తప్పిస్తే చాలనుకుంటే మోకాలి మీద కాల్చండి. కుంటుతుంది లేదా నేల మీద పాకుతుంది, మీరు దాటిపోవచ్చు. శాశ్వతంగా తొలగించాలంటేనే తల. తల పగిలిన జాంబీ తప్ప, పడిపోయిన ఏ జాంబీనీ చచ్చిందని నమ్మకండి.

మూడవది, కత్తి. ఈ ఆటలో కత్తి అరుగుతుంది, చివరికి విరుగుతుంది. అయినా నేల మీద పడి ఉన్న శరీరాన్ని దాటే ముందు కత్తితో ఒక గాటు పెట్టడం తూటా ఖర్చు లేని పరీక్ష. అది వణికితే ఇంకా ప్రాణం ఉన్నట్టే. జాంబీ మిమ్మల్ని పట్టుకున్నప్పుడు కత్తిని దాని ఒంట్లో దింపి విడిపించుకోవచ్చు. ఆ కత్తి అక్కడే ఉండిపోతుంది, దాన్ని పడగొట్టాక తిరిగి తీసుకోవడం మరచిపోకండి. గ్రెనేడ్లు, కళ్లు బైర్లు కమ్మించే ఫ్లాష్ గ్రెనేడ్లు కూడా ఇదే విధంగా ప్రాణం కాపాడతాయి.

4. ఎనిమిది గడుల సంచి

ఆట మొత్తానికి ఆయువుపట్టు ఇదే కనుక కాస్త నిదానంగా చదవండి.

మొదట మీ దగ్గర ఎనిమిది గడులే ఉంటాయి. నడుముకు కట్టే సంచి దొరికిన ప్రతిసారీ రెండు గడులు పెరిగి, చివరికి ఇరవై అవుతాయి. సామాను పెట్టెలన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. ఒక గదిలో పెట్టిన వస్తువు ఏ పెట్టెలోనైనా దొరుకుతుంది. అందువల్ల ఏ వస్తువునైనా "తర్వాత అవసరపడుతుందేమో" అని మోయవలసిన పని లేదు.

నిండు సంచితో సంతకు వెళ్లినవాడు ఏమీ కొనలేనట్టే, ఎనిమిది గడులూ నింపుకుని కొత్త గదులకు వెళ్తే దొరికిన తాళంచెవిని అక్కడే వదిలి మళ్లీ అంత దూరం రావాలి. ఆ రెండోసారి రావడంలోనే తూటాలు, మూలికలు కరిగిపోతాయి. తూటాలు చాలడం లేదని నాకు రాసేవారిలో అధికులకు అసలు చాలనివి ఖాళీ గడులే.

శత్రువులు రాని సేఫ్ రూమ్ నుంచి బయటకు అడుగుపెట్టే ముందు ఇలా అమర్చుకోండి:

- ఒక తుపాకీ, దాని తూటాలు: రెండు గడులు.
- ఒక కత్తి లేదా గ్రెనేడ్: ఒక గడి.
- కలిపి పెట్టిన మూలిక: ఒక గడి.
- ఈ ప్రయాణంలో తప్పక వాడబోయే తాళంచెవి లేదా పనిముట్టు: ఒక గడి.
- మిగిలిన మూడు గడులూ ఖాళీ.

షాట్‌గన్ దొరికిన వెంటనే దాన్ని రెండో తుపాకీగా మోసుకు తిరగడం చాలామంది చేసే పని. నడుము సంచి ఒకటైనా దొరికేదాకా దాన్ని పెట్టెలో ఉంచడమే మంచిది.

తాళంచెవులు, పనిముట్ల మీద ఎర్ర టిక్ గుర్తు కనిపిస్తే వాటి పని ముగిసినట్టు. మొహమాటం లేకుండా పారేయండి. దొరికిన ప్రతి ముఖ్య వస్తువునూ పరిశీలించే తెర మీద చుట్టూ తిప్పి చూడండి. స్టార్స్ అనే ప్రత్యేక పోలీసు దళం బ్యాడ్జిని అలా తిప్పి చూస్తేనే లోపల దాగిన యూఎస్‌బీ భాగం బయటపడుతుంది.

మూలికల విషయం సూటిగా చెబుతాను. ఆకుపచ్చదానికి ఎర్రది కలిపితే గాయం పూర్తిగా మానుతుంది. నీలం రంగుది విషానికి విరుగుడు. ఎర్ర మూలికను ఒంటరిగా వాడలేరు గనుక, అది దొరికిన వెంటనే ఆకుపచ్చదానితో కలిపేస్తే ఒక గడి మిగులుతుంది. ఆరోగ్యం పసుపు రంగుకు వచ్చిందని హడావిడిగా మూలిక మింగకండి. సేఫ్ రూమ్ దగ్గరలో ఉంటే పసుపుతోనే వెళ్లిపోవచ్చు. ఎరుపు వచ్చినప్పుడు మాత్రం ఆలోచించకండి.

గన్‌పౌడర్ రెండు మామూలు పొట్లాలు కలిపితే పిస్తోలు తూటాలు వస్తాయి. మామూలుదానికి పసుపు రంగు మేలురకం కలిపితే లియాన్‌కు షాట్‌గన్ తూటాలు వస్తాయి. పసుపుదాన్ని దాచి, షాట్‌గన్ చేతికి వచ్చాక కలుపుకోండి.

5. పటాన్ని చదవడం

ఒక గదిలో తీసుకోవలసినది ఏదైనా మిగిలి ఉంటే పటంలో ఆ గది ఎర్రగా ఉంటుంది. అంతా తీసుకున్నాక నీలంగా మారుతుంది. మీరు కంటితో చూసి వదిలేసిన వస్తువులు, తాళం పడిన తలుపులు కూడా పటంలో గుర్తులుగా నిలిచిపోతాయి. కొత్త తాళంచెవి దొరికినప్పుడల్లా నిలబడి పటం తెరిచి, ఆ చెవి గుర్తున్న తలుపులన్నీ లెక్కపెట్టి, అన్నింటినీ ఒకే చుట్టులో కలిపే దారి గీసుకోండి.

మా వీధిలో దీన్ని ఇద్దరు కలిసి ఆడే అలవాటు ఉంది. ఒకరి చేతిలో కంట్రోలర్, మరొకరి ఒళ్లో నోట్‌బుక్. నోట్‌బుక్ పట్టినవారు ఏ తలుపుకు ఏ గుర్తు, ఏ కిటికీకి పలక కొట్టాం, ఏ నడవాలో ఎన్ని జాంబీలు బతికి ఉన్నాయి అని రాసుకుంటూ దారి చెబుతారు. కలిసి ఆడే మిత్రుడు ఉంటే ఈ పద్ధతిని గట్టిగా సూచిస్తాను.

6. పోలీస్ స్టేషన్‌లో వరుస

6.1. పెద్ద హాలులోకి రాగానే తూర్పు వైపు సగం మూసిన షట్టర్ కింద నుంచి వెళ్లి అక్కడి పోలీసు దగ్గర నోట్‌బుక్ తీసుకోవాలి. దానిలోనే మూడు విగ్రహాల గుట్టు ఉంది. తిరిగి వచ్చేటప్పుడు పోరాడకండి, పరిగెత్తండి. తర్వాత గాయపడిన పోలీసు అధికారి మార్విన్ కత్తి ఇస్తాడు; ఆ కత్తితో టేపు చుట్టిన మీట పెట్టెను కోసి తెరిస్తే పడమటి దారి తెరుచుకుంటుంది.

6.2. పడమటి కార్యాలయానికి ముందుగా వెళ్లండి. అక్కడి ఇనప్పెట్టెలో నడుము సంచి ఉంది. దాని అంకెలు: ఎడమకు 9, కుడికి 15, ఎడమకు 7. లియాన్ బల్ల మీది రెండు తాళాలకు అక్షరాలు ఎన్ ఈ డీ, ఎమ్ ఆర్ జీ. తోటి ఉద్యోగులు కొత్తవాడి కోసం సిద్ధం చేసిన ఆ బల్ల, ఎవరూ మిగలని ఆ గదిలో ఎగరేసిన స్వాగత కాగితాలు నన్ను ఇప్పటికీ కాసేపు అక్కడ నిలబెడతాయి.

6.3. ఆ దగ్గరలోని డార్క్ రూమ్ మీ స్థావరం. పెట్టె, టైప్‌రైటర్ రెండూ ఉన్నాయి. దొరికిన ఫిల్ములను ఇక్కడ కడిగితే దాచిన వస్తువుల చోట్లు తెలుస్తాయి.

6.4. ఆ మూడు విగ్రహాల నుంచి మూడు పతకాలు తీసే వరుసలో మొదటి ఆటకు వర్తించే గుర్తులు ఇవి:

- సింహం విగ్రహం, పెద్ద హాలు రెండవ అంతస్తు: సింహం, ఆకుల కొమ్మ, పక్షి.
- యూనికార్న్ విగ్రహం, రెండవ అంతస్తు లాంజ్: చేప, తేలు, నీటి కుండ.
- కన్య విగ్రహం, పడమటి వైపు మూడవ అంతస్తు గిడ్డంగి: స్త్రీ, విల్లు, పాము. ఇక్కడి అడ్డును పేల్చడానికి డిటోనేటర్‌కు బ్యాటరీ జత చేయాలి.

6.5. దారిలో తెరవవలసిన ఇతర తాళాలు:

- రెండవ అంతస్తు వెయిటింగ్ రూమ్ ఇనప్పెట్టె: ఎడమకు 6, కుడికి 2, ఎడమకు 11.
- రెండవ అంతస్తు స్నానాల గది లాకర్: సీ ఏ పీ.
- మూడవ అంతస్తు లాకర్: డీ సీ ఎమ్.

6.6. చేతిలో పట్టే చిన్న ఇనప్పెట్టె దగ్గర చాలామంది చిక్కుకుంటారు. దాని మీద ఎనిమిది బొత్తాలు, చుట్టూ దీపాలు ఉంటాయి. వరుస ప్రతి ఆటకూ మారుతుంది కనుక ఎక్కడా చూసి రాయలేరు. ఒక బొత్తాం నొక్కి ఏ దీపం వెలిగిందో రాసుకోండి; దాని పక్క దీపాన్ని వెలిగించే బొత్తాం కోసం వెతకండి. తప్పితే అన్నీ ఆరిపోతాయి, మళ్లీ మొదటి నుంచి నొక్కండి. కాగితం మీద రాసుకుంటే నిమిషంలో తెరుచుకుంటుంది, గుర్తుంచుకుని చేద్దామంటే పావుగంట పడుతుంది.

7. కిటికీలు, నడవాలు

చెక్క పలకలు దొరికిన వెంటనే వాడేయాలని తోస్తుంది. అవి కొద్దిగానే ఉంటాయి. కింది అంతస్తులో పడమటి నడవా మీదుగా మీరు పదే పదే తిరుగుతారు. అద్దం మీద బయటి నుంచి అరచేతులు పడుతున్న కిటికీలకు అక్కడ ముందుగా కొట్టండి. ఒక్కసారే వెళ్లవలసిన గదుల వైపు కిటికీలకు పలకలు వృథా.

జాంబీల విషయంలోనూ ఇదే కొలత. నాలుగుసార్లు నడవబోయే దారిలో ఉన్నదాన్ని తల పగిలేదాకా కాల్చండి. మూల గదిలో ఉన్నదాన్ని ముట్టుకోకుండా తలుపు వేసి రండి. అన్నింటినీ చంపాలనుకునేవారికి ఈ ఆట సరిపడా తూటాలు ఇవ్వదు. పైగా స్టాండర్డ్ స్థాయిలో మీరు చక్కగా ఆడుతున్న కొద్దీ శత్రువుల ఓర్పు కనబడకుండా పెరుగుతుంది. కాబట్టి నిన్న మూడు తూటాలకు పడినది ఇవాళ ఆరింటికీ పడకపోవచ్చు. మీ గురి చెడిందని కంగారు పడకండి.

గోడల మీద పాకే లిక్కర్లు అనే వికృత జీవులకు కళ్లు లేవు, చెవులే ఉన్నాయి. అవి ఉన్న నడవాలో పరుగు, తుపాకీ రెండూ మానేసి మెల్లగా, గోడ వారగా నడవండి. అది ముఖానికి బారెడు దూరంలో గోడ మీద తల తిప్పుతున్నా సరే, నడక వేగం మార్చకపోతే దాటిపోతారు. నడుస్తూ ఉండగా కొరికే జాంబీ ఎదురైతే ఆ దారిని వదిలి వేరే దారి చూసుకోవడమే ఉత్తమం.

8. టోపీ పెట్టుకున్న పొడుగు మనిషి

మిస్టర్ ఎక్స్‌ను మా వీధి కుర్రాళ్లు టోపీ మావ అంటారు. "అన్నయ్యా, టోపీ మావ మెట్లెక్కేస్తన్నాడు, ఎటెల్లాల?" అని పక్కింటి తమ్ముడు కేక వేసినప్పుడల్లా నేను ముందు అడిగేది ఒకటే: అడుగుల చప్పుడు పైనుంచా, పక్కనుంచా?

మంటల్లో ఉన్న హెలికాప్టర్‌ను చల్లార్చి ఆ నడవాలోకి వెళ్లినప్పుడు అతడు మొదటిసారి ఆ ఇనుప శిథిలాన్ని ఒంటిచేత్తో ఎత్తి ఎదురుపడతాడు. అప్పటి నుంచి భవనంలో మీరు తిరిగినంత మేరా అతడూ తిరుగుతాడు. చంపడం సాధ్యం కాదు. తూటాలు కుమ్మరిస్తే కాసేపు మోకరిల్లుతాడు, మళ్లీ లేస్తాడు.

ఎదుర్కొనే వరుస:

1. సంగీతం మొదలైతే అతడు మిమ్మల్ని చూశాడని అర్థం. అడుగులు మాత్రమే వినబడితే వెతుకుతున్నాడని అర్థం. రెండింటికీ స్పందన వేరు. వెతుకుతున్నప్పుడు తుపాకీ పేల్చకండి, ఆ చప్పుడుకే వస్తాడు.

2. వెంటపడితే తిన్నగా పొడవాటి నడవాలోకి పరిగెత్తకండి. అక్కడ జాంబీ ఎదురైతే ఇద్దరి మధ్య ఇరుక్కుంటారు. పడమటి కార్యాలయం వంటి, మధ్యలో బల్లలున్న గదిలోకి రప్పించి, బల్లల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చిన తలుపు నుంచే బయటపడండి.

3. దారి లేక పక్కనుంచి దూరవలసి వస్తే, అతడు పిడికిలి వెనక్కి లాగేదాకా ఆగండి. పిడికిలి లేచిన క్షణంలో ఆ చేతికి ఎదురు పక్క నుంచి దూరితే దెబ్బ గాలిలో పోతుంది. ముందే కదిలితే చెయ్యి మీ వైపే తిరుగుతుంది.

4. ఫ్లాష్ గ్రెనేడ్ అతణ్ణి కొన్ని క్షణాలు నిలిపేస్తుంది. ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి.

5. డార్క్ రూమ్‌లోకి అతడు రాడు. పెద్ద హాలులో టైప్‌రైటర్ ఉంది కదా అని అక్కడ నిశ్చింతగా నిలబడకండి, అక్కడికి వస్తాడు.

అతడు కనబడేలోపే పడమటి వైపు పనులన్నీ ముగించి ఉంటే ఈ భాగం సగం తేలికవుతుంది. అందుకే హెలికాప్టర్ మంట ఆర్పే ముందు పటం తెరిచి, ఎర్రగా మిగిలిన గదులన్నీ ఒకసారి చుట్టి రమ్మంటాను.

9. కిందికి దిగిన తర్వాత

మూడు పతకాలూ పెద్ద హాలులోని దేవత విగ్రహంలో పెట్టి దాని కింది దారిలో దిగాక, రాక్షసరూపంలోకి మారిన శాస్త్రవేత్త బిర్కిన్ మొదటి రూపం ఎదురవుతుంది. భుజం మీద తెరుచుకునే పెద్ద కన్నే లక్ష్యం. ఒంటి మీద ఇంకెక్కడ కాల్చినా వృథా. కట్టడాల చుట్టూ తిరుగుతూ, అతడు పైపు ఊపి ఆగిన క్షణంలో కంటిలో కాల్చండి.

రెండవ రూపం క్రేన్ ఉన్న చోట వస్తుంది. ఇక్కడ తూటాలు దాదాపు అవసరం లేదు. బొత్తాం నొక్కితే వేలాడే పెట్టె వెనక్కి వెళ్లి తిరిగి ఊగి వస్తుంది. అది వచ్చే దారిలో అతడు నిలబడేలా చూసుకుని, కంటిని కాల్చి తూలేలా చేస్తే పెట్టె తగిలి పడతాడు. తొందరపడి పెట్టెను ఖాళీగా ఊగనిస్తే మళ్లీ అది సిద్ధమయ్యేదాకా తప్పించుకు తిరగాలి.

మురుగు కాల్వల్లో నీలం మూలిక రెండు ఉంచుకోండి. అక్కడి జీవులు విషం కక్కుతాయి. కంట్రోల్ రూమ్ లాకర్‌కు ఎస్ జెడ్ ఎఫ్, ట్రీట్‌మెంట్ పూల్ రూమ్ ఇనప్పెట్టెకు ఎడమకు 2, కుడికి 12, ఎడమకు 8.

నెస్ట్ అనే భూగర్భ ప్రయోగశాలలో తీగలు అల్లుకున్న జాంబీలను మామూలు తూటాలతో పడగొట్టినా మళ్లీ లేస్తాయి. నారింజ రంగు బుడగలను కాల్చి పడేశాక నిప్పుతో కాల్చాలి: లియాన్‌కు మంటల తుపాకీ, క్లేర్‌కు మంట గుండ్లు. అందుకోసం వాటిని మురుగు కాల్వల్లో ఖర్చు చేయకండి. చివరి లిఫ్టు ఎక్కే ముందు మాత్రం పొదుపు మానేసి, బలమైన ఆయుధం, మూలికలన్నీ సంచిలోకి తీసుకోండి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

*తూటాలు పూర్తిగా అయిపోయాయి.* కొత్త గదులకు వెళ్లడం ఆపి, పటంలో ఎర్రగా ఉన్న పాత గదులకు తిరిగి వెళ్లండి. బల్ల సొరుగులు, లాకర్ల మూలల్లో గన్‌పౌడర్ వదిలేసి ఉంటారు.

*ఎటు వెళ్లాలో తెలియడం లేదు.* చివరగా దొరికిన కాగితాన్ని ఫైళ్లలో తెరిచి మళ్లీ చదవండి. అప్పటికీ తేలకపోతే సంచిలో టిక్ గుర్తు లేని వస్తువు ఏదో చూడండి. దాని తలుపు పటంలోనే ఉంటుంది.

*ఒకే చోట పదే పదే చనిపోతున్నారు.* ఒకే ఫైలు మీద భద్రపరచడం మానేసి మూడు నాలుగు వేర్వేరు చోట్ల భద్రపరచండి. ఎరుపు ఆరోగ్యంతో, ఖాళీ తుపాకీతో భద్రపరచిన ఆటకు వెనక్కి వెళ్లే దారి ఉండాలి.

*భయం వల్ల గంటకు మించి ఆడలేకపోతున్నారు.* గంటే ఆడండి. సేఫ్ రూమ్‌లో ముగించి, మరుసటి రోజు ఏ తలుపుకు వెళ్లాలో నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాసి లేవండి.

11. రెండవ ఆట

ఒక పాత్రతో ముగించాక రెండవ పాత్రతో ఆడే సెకండ్ రన్ తెరుచుకుంటుంది. కథ పూర్తి ముగింపు ఇందులోనే ఉంది. మొదటి ముగింపు చూసి ఆట అయిపోయిందని తీసేసినవారు చాలామంది. ప్రధాన మెనూలో దానిని తప్పక ఎంచుకోండి, అదే పాత్రతో మళ్లీ మొదటి ఆటను ఎంచుకుంటే ఈ భాగం రాదు.

ఇందులో విగ్రహాల గుర్తులు మారతాయి, పైన ఇచ్చినవి పనిచేయవు. నోట్‌బుక్ కాగితాన్ని తిరిగి చూడాలి. ఇనప్పెట్టెలు, లాకర్ల అంకెలు, అక్షరాలు మాత్రం అవే. టోపీ మావ చాలా ముందుగానే వస్తాడు, కాబట్టి 8వ భాగంలో చెప్పిన బల్లల గదులను మొదటి ఆటలోనే గుర్తుపెట్టుకోవాలి.

రెండు ఆటల్లోనూ మూలల్లో కనిపించే రకూన్ బొమ్మలను పగలగొట్టుకుంటూ పోండి. మొత్తం 15 పగిలితే ఎన్నటికీ విరగని కత్తి దొరుకుతుంది. ఆ కత్తి ఉంటే ఒక గడిలో ఎప్పటికీ ఆయుధం ఉన్నట్టే కనుక హార్డ్‌కోర్ ఆడాలనుకునేవారు ముందు దాన్ని సంపాదించి, ఆ తర్వాతే ఇంక్ రిబ్బన్ల లెక్క మొదలుపెట్టాలి.